వంటింటి వైపు తిరిగిన సిపాయిలు

కంటి ఆపరేషన్ కోసం చిన్నాయన గుడియాత్తం నుంచి వేలూరు వచ్చినప్పుడు ఆయన చంకలో బట్టల సంచీ లేదు. పాత బిస్కెట్ డబ్బా ఒకటి ఉంది, మూత ఊడకుండా లుంగీ పేలికతో కట్టినది. ఆటో దిగుతుంటే డబ్బా పట్టుకోబోయాను, ఇవ్వలేదు. "బట్టలేవి చిన్నాయనా?" అంటే, "నీ ఇంట్లో లేవా ఏమి? మీ ఆయనవి ఉంటాయి గదా" అన్నాడు. మా ఆయన పోయి చాలా ఏళ్లయిందని ఆయనకు తెలియక కాదు. ఆ చొక్కాలు బీరువాలో ఇంకా మడతపెట్టే ఉన్నాయనీ, ఎవరికీ ఇవ్వడానికి నాకు చేతులు రాలేదనీ కూడా తెలుసు. తెలిసే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మండినా చేసేదేముంది, ఇస్త్రీ చొక్కా ఒకటి తీసిచ్చాను. సరిగ్గా సరిపోయింది కూడా.

వేలూరులో ఇల్లుండటమంటే సత్రం నడపడమే. గుడియాత్తం నుంచి, పొన్నై నుంచి, చిత్తూరు వైపు నుంచి, మావాళ్లలో ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు నా ఫోను మోగుతుంది. నేను ఒక ఆస్పత్రి ఆఫీసులో ఫైళ్లు మోసి రిటైరైనదాన్ని. కాబట్టి ఏ వార్డు ఎక్కడ, ఏ క్యూ ముందు కదులుతుంది, ఏ డాక్టరు మాట మెత్తన అన్నీ నాకు తెలిసే ఉంటాయని అందరి నమ్మకం. ఎవరి పేరునో చీటీ పట్టుకుని బెంచీల మీద కూర్చుని కూర్చుని నా మోకాళ్లు అరిగిపోయాయి. ఈ మాట పైకి అనను. అంటే, "నీకేమమ్మా, ఒక్కదానివే గదా" అంటారు. ఒక్కదాన్నే కాబట్టి అలసిపోనని వాళ్ల ఉద్దేశం.

చిన్నాయన పేరు రాఘవులు, మా నాయన తమ్ముడు. ఎనభై దాటాడు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో శుక్లం ముదిరి, ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తేల్చుకోలేని స్థితికి వచ్చాడు. డాక్టరమ్మ ఏమీ దాచలేదు. శుక్లం తీస్తాం, వెనక నరం ఎలా ఉందో తీశాకే తెలుస్తుంది అని తమిళంలో చెప్పింది. ఆయన తమిళంలోనే సరి సరి అని తలూపాడు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక నాతో తెలుగులో అన్నాడు: "చూపు వస్తే ఫస్టు వీళ్లని చూడాలమ్మా. ఒక ఆట ఆడాల. రాకుంటే యాడన్నా పారేసెయ్. మా కొడుకు పాత ఇనప సామాన్ల వానికి వేసేస్తా అంటా ఉండాడు." డబ్బా అప్పుడు కూడా ఆయన ఒళ్లోనే ఉంది. ఆస్పత్రికి సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చిన రోగి ఆయనొక్కడే అయుంటాడు.

ఆ డబ్బాలో ఉన్నది సైన్యమే. చిటికెన వేలంత కూడా లేని ఎర్రకోటు సిపాయిలు, గుర్రపు రౌతులు, ఒక ఫిరంగి. వేలూరు కోటలో వెనకటికి కుంఫిణీ సిపాయిలు తెల్లవారకముందే తిరగబడి కోట పట్టుకున్న కథ ఇక్కడ బస్సులో పక్క సీటువాళ్లను అడిగినా చెబుతారు. టోపీలాంటి కొత్త రకం తలపాగా పెట్టుకోమన్నారనీ, మొహాన బొట్టు తుడుచుకోమన్నారనీ వాళ్లకు కడుపు మండింది. పొద్దెక్కాక ఆర్కాడు నుంచి గుర్రపు దండు వచ్చింది, కోట మళ్లీ చేతులు మారింది. ఆ ఒక్క ఉదయాన్నే చిన్నాయన తన జీవితమంతా బొమ్మలతో ఆడాడు.

మా అంగడి గుడియాత్తం బజారులో ఉండేది. మగ్గాల వాళ్లకు అద్దకం రంగులు, నూలు, ఒక పక్కన కాస్త ఎనామిల్ పెయింటు అమ్మేవాళ్లం. ముందు అంగడి, వెనక ఇల్లు. అన్నంలో కూడా రంగు వాసనేనని మా అమ్మ రోజూ సణిగేది, రోజూ అదే వాసనలో వండేది. గల్లా ముందుకు వచ్చి నిలబడిన వాళ్లలో ఒకరికి మోచేతుల దాకా నీలం, ఇంకొకరికి ఎరుపు. మొహం చూడకుండా చేతులు చూసే ఎవరి మగ్గమో చెప్పేవాడు మా నాయన. వ్యాపారం ఆయన చూస్తే, రంగులు కలపడం చిన్నాయన పని. ఒకసారి సరుకు కోసం వేలూరు వెళ్లి, పాత పేపర్ల అంగట్లో అట్టలు ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు. పాతకాలపు సైన్యాల బొమ్మలు, వాళ్ల కోట్లకు గుండీలెన్ని, ఆ బొమ్మల్ని పోతపోసి పాచికలతో యుద్ధం ఆడే పద్ధతి ఏమిటి, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా పట్టు విడవకుండా ఏడాదంతా చదివాడు. "పెండ్లి చేసుకునే వయసులో ఈ బొమ్మలాట ఏందిరా నాయనా" అని అవ్వ తల కొట్టుకునేది. పెళ్లయ్యాక కూడా ఆయన మారలేదు, అవ్వ తల కొట్టుకోవడం మానలేదు.

సీసం మా వీధి చివర ఉండే ప్రెస్సు నుంచి వచ్చేది. పెళ్లి శుభలేఖలు, కేలండర్లు వేసి వేసి అరిగిపోయిన తమిళ అచ్చక్షరాలు దోసిళ్లతో ఇచ్చేవాళ్లు. పెరట్లో కుంపటి మీద గరిటెలో వాటిని కరిగించి, బలపం రాయిలో రెండు చెక్కలుగా చెక్కిన అచ్చులో చిన్నాయన పోసేవాడు. చల్లారాక అచ్చు విప్పితే లోపల ఒక సిపాయి, తుపాకి భుజాన పెట్టుకుని, ఇంకా మొహం లేకుండా. వీని కడుపులో ఎవురి పెండ్లి ముహూర్తం ఉండాదో అని మా అన్న శేషు నవ్వేవాడు. మేం ఇంట్లో తెలుగు మాట్లాడటమేగానీ ఎవరికీ తెలుగు చదవడం రాదు. నేనిప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు పెళ్లయ్యాక, చిత్తూరు మనిషి అయిన మా ఆయన దగ్గర నేర్చుకున్నవి.

రంగులు వెయ్యడం నా వంతు. ఎలా నా వంతయిందో చెప్పలేను, ఒకరోజు చిన్నాయన చెయ్యి వణికి కోటు రంగు మొహం మీదికి పోతే నేను సరిచేశాను, అంతే, ఇక ఆ పని నాదైపోయింది. బోర్డులు రాసేవాళ్ల కుంచెను కత్తిరించి కత్తిరించి మూడు నాలుగు వెంట్రుకలు మిగిల్చుకునేదాన్ని. ముందు తెల్ల పూత, అది ఆరాక ఎర్ర కోటు, తెల్ల పట్టీలు, చివర్న మొహం. పుస్తకంలో సిపాయిల నెత్తిన ఉన్నది ఆ కొత్త రకం టోపీయే. అది వద్దనే గదా తిరగబడ్డారు, మళ్లీ మన చేత్తో మనమే పెడతామా అని చిన్నాయన పోతపోసిన టోపీలన్నీ ఆకురాయితో అరగదీశాడు. వాటి మీద నేను తలగుడ్డలు గీశాను. అంగట్లో కళ్ల ముందు కనిపించేవి లుంగీలే కాబట్టి గీసినవి కూడా గుడియాత్తం లుంగీ గళ్లే. కుంఫిణీ కాలంలో ఆ గళ్లు ఉన్నాయో లేదో మేం ఎవరినీ అడగలేదు.

ఆట ఆడటానికి నేల కావాలి. ఏడాదంతా అవ్వ నేల ఇచ్చేది కాదు. దసరాకు బొమ్మల కొలువు పెట్టినప్పుడు మాత్రం బొమ్మల మెట్ల ముందు పిల్లలు పార్కు కట్టుకోవడానికి చోటు వదిలేది. అందరి ఇళ్లలో ఆ చోట ఆవాలు మొలిపించిన తోట, అద్దంతో చెరువు ఉంటే, మా ఇంట్లో వేలూరు కోట ఉండేది. అవ్వ తమ్ముడు పొన్నై ఏటి నుంచి సన్నటి ఇసుక బస్తాకెత్తి పంపేవాడు. ఇప్పుడు ఏటి ఇసుకంటే లారీలవాళ్ల సొత్తు. ఇటుక ముక్కల గోడలు, పళ్లేల్లో నీళ్లు పోసి అగడ్త. మధ్యాహ్నం అంగడి తలుపులు దగ్గరికి వేసి, పేరంటాళ్లు రాకముందు రోజుకు కాస్త చొప్పున యుద్ధం జరిగేది. గుడియాత్తంలో అగ్గిపెట్టెలకు కొదవ లేదు కాబట్టి కొలతకు అవే. కాలిబంటు అగ్గిపెట్టె పొడవు నడవాలి, గుర్రం రెండు అగ్గిపెట్టెలు. గంగమ్మ జాతరలో కొన్న ఎముక పాచికలు వేసి ఎవడు చచ్చాడో చూసేవాళ్లు. ఆర్కాడు గుర్రాలు చిన్నాయనవి, సిపాయిలు శేషన్నవి.

చచ్చినవాణ్ణి పడుకోబెట్టాలని పుస్తకంలో ఉంది. అక్కడే అవ్వ అడ్డం పడింది. కొలువులో బొమ్మను పడుకోబెట్టేది ఒక్కసారే, విజయదశమి నాటి సాయంత్రం, హారతి ఇచ్చి ఎర్రచందనం రాజా రాణీ బొమ్మల్ని పక్కకు వాలిస్తే కొలువు ముగిసినట్టు. మధ్యలో ఏ బొమ్మ పడుకున్నా ఆవిడకు అది అపశకునమే. "నా కొలువులో ఎవురూ పండుకోకూడదు. సచ్చినా నిలబడే సావాల" అని తేల్చి చెప్పింది. చిన్నాయన తెల్లవాళ్లతోనైనా పోట్లాడతాడు గానీ వాళ్లమ్మతో పోట్లాడడు. అందుకని మా ఇంట్లో యుద్ధానికి కొత్త నియమం పుట్టింది. చచ్చిన సిపాయిని ఎక్కడివాణ్ణి అక్కడే నిలబెట్టి, మొహం వెనక్కి తిప్పాలి. వెనక్కి అంటే వంటింటి వైపు.

వంటింటి గడపలో ఉండేది నేను. సుండల్ అనే శనగల గుగ్గిళ్ల తాలింపు, పళ్లేలు తుడవడం, ఆకులు వక్కలు సర్దడం, అమ్మకు తోడు నేనే కదా. ఇంగువ పొగలో కూర్చుని చూస్తే, కోట చుట్టూ ఆడుకునేవాళ్ల మోకాళ్లు, వాటి మధ్య నుంచి ఒక్కొక్కరే నా వైపు తిరిగే సిపాయిలు. రోజులు గడిచే కొద్దీ ఎక్కువయ్యేవాళ్లు. బతికున్నంతసేపూ వాళ్లకూ, మగపిల్లలకూ మధ్య ఆట. చచ్చాక అందరూ నావాళ్లే. వాళ్ల మొహాలు గీసింది నేను కాబట్టి ఎవడు ఎవడో నాకు తెలుసు.

నాకు కావలసింది ఒక్కటే. ఒక్కసారి ఆ పాచికలు నా చేతికి రావాలి. ఒక్క కొలువుకైనా సిపాయిలు నా మాట వినాలి. నన్ను ఎవరూ వద్దనలేదు, అదే పెద్ద చిక్కు. వద్దంటే ఏడ్చి సాధించేదాన్నేమో. "నీది రంగుల చెయ్యమ్మా, పాచికలు ఎవురైనా ఏస్తారు, ఆ మొగాలు నువ్వు దప్ప ఎవురు గీస్తారు" అని చిన్నాయన పొగిడేవాడు. ఆ పొగడ్తకు ఉబ్బిపోయి మళ్లీ పళ్లేల దగ్గరికి పోయేదాన్ని. శేషన్న ఏటేటా ఒకే పని చేసేవాడు. కోట చేతికి రాగానే మనుషులందరినీ జెండా స్తంభం దగ్గరికి పరిగెత్తించి, నేను కుట్టిన పట్టు జెండా ఎక్కించేవాడు. కోట తలుపు బార్లా తెరిచే ఉండేది. ఆర్కాడు గుర్రాలు నేరుగా లోపలికి వచ్చేవి. ఒక ఏడు పళ్లెం పట్టుకుని నిలబడి, "అన్నా, ముందు తలుపు మూయి" అన్నాను. అందరూ నవ్వారు. "అది మన ఇంటి తలుపు కాదులేమ్మే, నువ్వు పో" అన్నాడు శేషన్న. ఆ ఏడు కూడా ఓడిపోయాడు.

శేషన్న ఇప్పుడు లేడు. అంగడి ఉంది, అందులో సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. అవ్వ కొలువు బొమ్మలు తలా నాలుగు పంచుకుని, తలా ఒక అటక మీద పెట్టాం. నేను కొలువు పెట్టడం మానేసి చాలాకాలమైంది. ఎదురింటివాళ్లు పిలిస్తే వెళ్లి, సుండల్ పొట్లం తెచ్చుకుని, రాత్రికి అదే తిని ఊరుకుంటాను.

చిన్నాయనకు చూపు వచ్చింది. కట్టు విప్పిన రోజు ఆయన డాక్టరమ్మ మొహం చూడలేదు, నా మొహం చూడలేదు, డబ్బా అడిగాడు. ఇంటికొచ్చాక ఒక్కొక్కర్నీ తీసి కిటికీ దగ్గర పట్టుకుని కోట్లు చూశాడు, పట్టీలు చూశాడు, రంగు రాలిన చోట్లు వేలితో తడిమాడు. మరునాడే ఆట అన్నాడు. ఆపరేషన్ అయినవాళ్లు వంగకూడదు గనుక నేల మీద కుదరదు. వంటింటి గడప ముందున్న భోజనం బల్ల ఖాళీ చేశాను. ఇసుక లేదు, ఇటుకలు లేవు. నావీ, ఆయనవీ మందుల అట్టపెట్టెలు కుప్పలుగా ఉన్నాయి కదా, వాటితో గోడలు కట్టాను. పాత నీలం చీర చుట్టూ పరిస్తే అగడ్త. కోట తలుపుకు ఆస్పత్రి అపాయింట్‌మెంటు కార్డు నిలబెట్టాను. ఇంత చేసేసరికి నా నడుం పట్టేసింది. అంతసేపూ కుర్చీలో కూర్చున్న చిన్నాయన అన్నాడు: "శేషు లేడు గదా. సిపాయిల్ని నువ్వు తీసుకో."

శేషు లేడు గదా. అరవై దాటాక కూడా నా వంతు ఇంకొకరు ఖాళీ చేస్తేనే వచ్చింది. ఒక్క క్షణం బల్ల మీదున్నదంతా డబ్బాలోకి ఊడ్చేసి పోయి పడుకుందామా అనిపించింది. కంట్లో చుక్కల మందు వేసే టైమైంది, మందు వేశాను. వేసి, కూర్చుని, పాచికలు చేతిలోకి తీసుకున్నాను. అంచులు అరిగి నున్నగా ఉన్నాయి, అన్నీ మగపిల్లల చేతుల్లో అరిగినవే.

"తలుపు మూస్తా ఉండాను" అన్నాను, కార్డు అడ్డంగా పెట్టి.

చిన్నాయన ఒంటి కన్నుతో తలుపు వైపు చూశాడు. "జెండా?"

"జెండా తర్వాత."

"శేషు అయితే ఈ పాటికి ఎక్కించుంటాడు."

"ప్రతి తూరీ ఓడిపోయినాడు గదా చిన్నాయనా."

ఆయన తన గుర్రాల వైపు వేలు చూపాడు. వంగలేడు గనుక ఆయన గుర్రాల్ని కూడా నేనే జరిపాను, అగ్గిపెట్టె పెట్టి కొలిచి. నా మీదికి వచ్చే దండును నేనే నడుపుకుంటూ వచ్చాను, ఇది కూడా నాకు అలవాటైన పనే. తలుపు దగ్గర నా మనుషులు చచ్చారు, బయట ఆయన రౌతులు చచ్చారు. చచ్చిన ప్రతివాణ్ణీ మేమిద్దరం అనుకోకుండానే వంటింటి వైపు తిప్పాం. ఫిరంగి గుండు తలుపుకు తగలాలంటే ఆరు పడాలి. ఆయన వేశాడు, పడలేదు. మళ్లీ వేశాడు, మళ్లీ పడలేదు. మా ఇంటి నియమం ప్రకారం ఫిరంగికి రెండే గుండ్లు, రెండూ తప్పితే కోట సిపాయిలదే.

గెలిచాను. చిన్నప్పటి నుంచి కోరుకున్నది చేతికొచ్చింది, ఇప్పుడు సంతోషం వస్తుందని కాసేపు కూర్చుని చూశాను. నడుంనొప్పి తప్ప ఏమీ రాలేదు. శేషన్న ఉండి, మొహం మాడ్చుకుని, "అది ఆట కాదు పో" అని ఉంటే వచ్చేదేమో. ఎవరితో గెలవాలనుకున్నానో వాళ్లెవరూ బల్ల దగ్గర లేరు.

చిన్నాయన నీళ్లకని లేచాడు. ఇవ్వబోతే, "కూచో, నేను తాగతా" అని గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. గ్లాసు చప్పుడైంది. గ్లాసుతో తిరిగి వస్తూ గడపలో ఆగిపోయాడు. చాలాసేపు కదలకపోతే కళ్లు తిరిగాయేమోనని భయపడి చూశాను. ఆయన బల్లను చూస్తున్నాడు. చచ్చినవాళ్లందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"ఈడు మన ప్రెస్సాయన గదా" అన్నాడు.

"ఊఁ."

"ఈడు మా అన్న. మీ నాయన." కాస్త వంగబోయి, వంగకూడదని గుర్తొచ్చి ఆగాడు. "ఈ మీసాల హవల్దారు... అమ్మా, ఇది మా అమ్మ గదమ్మా." నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. అవ్వకు మీసాలు పెట్టిన సంగతి ఆవిడ పోయాక కూడా ఎవరికీ తెలియలేదు. తర్వాత నవ్వు ఆగింది. తలుపు పక్కన తిరిగి నిలబడ్డవాణ్ణి చూశాడు. "శేషు" అన్నాడు. ఆ గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది.

గుండీలు చూసేవాడు, పట్టీలు చూసేవాడు, మొహం ఏనాడూ చూడలేదు. చచ్చినవాళ్లు తిరిగాక ఆయన కూర్చున్న చోటికి కనిపించింది ఎప్పుడూ తలగుడ్డల వెనకవైపే.

"నాకు ఎవురూ చెప్పలేదే" అన్నాడు.

"నువ్వు ఎప్పుడన్నా ఈ తట్టు వచ్చి కూచున్నావా చిన్నాయనా?" గట్టిగా అనాలనుకున్నాను. అలసటకు గొంతు మామూలుగానే వచ్చింది.

ఆయన మళ్లీ వరసగా చూశాడు, ఒక్కొక్కర్నీ, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు. "నువ్వు యాడ ఉండావమ్మా ఇందులో?"

"నేను లేను. నేను నువ్విప్పుడు నిలబడిన కాడ ఉంటిని."

ఆయన గడపలోకి కుర్చీ లాగమన్నాడు. లాగాను. కూర్చున్నాడు. వీధిలో పాత సామాన్లవాడు అరుచుకుంటూ పోయాడు, మేమిద్దరం వినీ విననట్టు ఊరుకున్నాం. నేను సిపాయిల్ని అలవాటు ప్రకారం నిలువుగానే డబ్బాలో సర్దబోతే, "వద్దు" అన్నాడు. "పండబెట్టు. ఇప్పుడు కొలువూ లేదు, మా అమ్మా లేదు. నిలబడి నిలబడి అలిసిపోయుంటారు పాపం."

ఒక్కొక్కర్నీ నీలం చీర మీద వెల్లకిలా పడుకోబెట్టాను. నాయన్ను, ప్రెస్సాయన్ను, మీసాల అవ్వను, చివర్న శేషన్నను. తెలియకుండా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయన చూడకూడదని తల వంచుకున్నాను. చూపు వచ్చిన మనిషి, చూశాడు.

"నువ్వు గూడా పోయి పండుకోమ్మా" అన్నాడు. "మందు టైముకు నేను లేపుతా. వీళ్ల కాడ నేనుంటాలే."

పోయి పడుకున్నాను.